చెయ్యి అడ్డం పెట్టని మాస్టారు

(మెట్లూ మాటలూ: సంగీతం మీద పాఠకుల ప్రశ్నలు, కీబోర్డు మాస్టారి జవాబులు)

కార్డులు (ఒకేసారి కలిపి నొక్కే స్వరాల గుంపులు) ఎలా నేర్చుకోవాలని పోయిన నెల ఒకరు అడిగితే, "బారీ హారిస్ పాఠాల వీడియోలు చూడండి, ఆయన కసురుకుంటే మాత్రం జడుసుకోకండి" అని ఒక్క లైను రాసి ఊరుకున్నాను. ఆ లైనుకి వచ్చినన్ని ఉత్తరాలు నేను కష్టపడి మూడు పేజీలు రాసిన వ్యాసానికి కూడా రాలేదు. అందుకని ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టేశాను. హార్మోనియం రిపేరు గురించి అడిగిన అనకాపల్లి పెద్దాయన ఒక నెల ఓపిక పట్టాలి.

ప్ర: మాస్టారూ, మీరు చెప్పారని యూట్యూబ్‌లో చూశాను. ఒక పెద్దాయన పియానో మీదికి వంగి కూర్చున్నారు, చుట్టూ పిల్లలు మూగి ఉన్నారు. వాళ్ళు వాయిస్తుంటే మధ్యలో ఆపేస్తున్నారు, నోటితో పాడి మళ్ళీ వాయించమంటున్నారు. సగం అర్థం కాలేదు. అంత గొప్పవాడైతే జాజ్ ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్‌కి ఉన్నంత పేరు ఆయనకెందుకు లేదు? అసలు ఎవరాయన?
– బి.టెక్. విద్యార్థి, హనుమకొండ

జ: బాబూ, నువ్వు చూసినవి బహుశా నెదర్లాండ్స్ వీడియోలు అయి ఉంటాయి. ద హేగ్ నగరంలో రాయల్ కన్సర్వేటరీ అని పెద్ద సంగీత కళాశాల ఉంది. 1990ల్లో ఆయన అక్కడికి వెళ్ళి పాఠాలు చెప్పేవాడు. ఎవరో పుణ్యాత్ములు కెమెరా పెట్టారు కాబట్టి మనలాంటి వాళ్ళకి దక్కాయి. సగం అర్థమైందన్నావు చూడు, నాకు మొదటిసారి అంత కూడా కాలేదు.

బారీ హారిస్ 1929 డిసెంబర్ 15న అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టాడు. కార్ల ఫ్యాక్టరీల ఊరు అది. వాళ్ళమ్మ చర్చిలో పియానో వాయించేది. నాలుగేళ్ళ పిల్లాడి వేళ్ళు మెట్ల మీద పెట్టించింది ఆవిడే. కొన్నాళ్ళయ్యాక, చర్చి సంగీతం వాయిస్తావా, జాజ్ వాయిస్తావా అని అడిగిందట. జాజ్ అన్నాడు. ఆవిడ సరేనంది. ఇది చదివినప్పుడల్లా నేను ఆవిడ దగ్గర ఆగిపోతాను. ఆ రోజుల్లో జాజ్ అంటే క్లబ్బులు, మందు, అర్ధరాత్రి బతుకు. చర్చిలో వాయించే తల్లి ఆ మాట విని తిట్టకుండా ఊరుకోవడం చిన్న విషయం కాదు. సినిమా ఆర్కెస్ట్రాలో చేరతానని నేను అడిగితే మా అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, అన్నం వడ్డిస్తూ, "ఆ మదరాసులో మజ్జిగ దొరుకుతుందా?" అంది. అదే అనుమతి.

డెట్రాయిట్‌ని తక్కువగా చూడకు. పియానో టామీ ఫ్లానగన్ అక్కడివాడే, గిటారు వాయించే కెన్నీ బరెల్ అక్కడివాడే, ట్రంపెట్ డొనాల్డ్ బర్డ్ అక్కడివాడే. మన దగ్గర విజయనగరం ఎలాగో, బీబాప్‌కి డెట్రాయిట్ అలాగ. బీబాప్ అంటే 1940ల్లో చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ, బడ్ పావెల్, థెలోనియస్ మంక్ వంటి వాళ్ళు న్యూయార్క్‌లో తయారుచేసిన జాజ్. పరుగు పరుగున సాగుతుంది, కార్డులు చకచకా మారిపోతుంటాయి. డాన్సులు చేసుకోవడానికి కాదు, కుదురుగా కూర్చుని వినడానికి. హారిస్ అందులో బడ్ పావెల్ బాటలో పడ్డాడు, చచ్చేదాకా ఆ బాట వదల్లేదు.

ఇరవై ఏళ్ళు దాటీ దాటకముందే ఆయన ఇల్లు బడిలా మారింది. కుర్రాళ్ళు వచ్చేవారు, ఈయన పియానో ముందు కూర్చుని చెప్పేవాడు. జో హెండర్సన్, పాల్ చాంబర్స్, చార్లెస్ మెక్‌ఫర్సన్, లానీ హిల్యర్ లాంటి వాళ్ళు అక్కడ నేర్చుకున్నారు. జాజ్ తెలిసినవాళ్ళకి ఈ పేర్లు చెబితే లేచి నిలబడతారు. రాత్రిపూట బ్లూ బర్డ్ ఇన్ అనే క్లబ్బులో వాయించేవాడు. నువ్వు అడిగిన మైల్స్ డేవిస్ 1953–54 ప్రాంతంలో కొన్ని నెలలు డెట్రాయిట్‌లో ఉన్నాడు. ఆ బ్లూ బర్డ్‌లోనే హారిస్ ఆయనతోనూ వాయించాడు.

1960లో శాక్సఫోన్ వాయించే కానన్‌బాల్ ఆడర్లీ బృందంతో బయటికి వచ్చి న్యూయార్క్ చేరాడు. అక్కడి నుంచి రికార్డులే రికార్డులు. కోల్‌మన్ హాకిన్స్ అంటే శాక్సఫోన్‌కి తాతగారి లాంటివాడు. ఆయన చివరి రోజుల్లో పక్కన వాయించింది, ఆయన్ని కనిపెట్టుకుని ఉన్నదీ హారిసే. హాకిన్స్ 1969లో పోయాడు.

ఇక పేరు ఎందుకు లేదంటావా? 1960ల చివర జనం రాక్ వైపు పోయారు. జాజ్ వాళ్ళలో చాలామంది ఎలక్ట్రిక్ వాద్యాలు పట్టుకుని వాళ్ళ వెనకే పోయారు, మైల్స్ డేవిస్‌తో సహా. ఈయన పోలేదు. మొండితనం అనుకో, నమ్మకం అనుకో. పైగా బతుకులో సగం క్లాసు గదిలో గడిపాడు. క్లాసు గదికి చప్పట్లు ఉండవు కదా. 1982లో న్యూయార్క్‌లో ఎనిమిదో అవెన్యూ మీద జాజ్ కల్చరల్ థియేటర్ అని ఒక చోటు తెరిచాడు. మందు అమ్మకం లేదు. పాఠాలు, కచేరీలు, తెల్లవార్లూ జామ్ సెషన్లు, అంటే వచ్చినవాళ్ళంతా కలిసి అప్పటికప్పుడు వాయించుకోవడం. 1987 దాకా, అయిదేళ్ళు నడిచింది. మందు అమ్మకుండా మన్‌హటన్‌లో అయిదేళ్ళు అద్దె కట్టడం ఎలా సాధ్యమైందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1989లో అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ ఎండోమెంట్ ఫర్ ద ఆర్ట్స్ ఆయనకి 'జాజ్ మాస్టర్' గౌరవం ఇచ్చింది. 2020లో కరోనా వచ్చి క్లాసు మూతపడితే, తొంభై ఏళ్ళ వయసులో జూమ్‌లో చెప్పాడు. ఆ కరోనా సమస్యలతోనే 2021 డిసెంబర్ 8న పోయాడు. ఇంకో వారం ఉంటే 92 నిండేవి.

కసురుకోవడం గురించి ఒక మాట. వీడియోలో మళ్ళీ చూడు. తప్పు వాయించినవాణ్ణి ఆపుతాడు, పాడి చూపిస్తాడు, వాడు సరిగ్గా వాయించేదాకా గదిలో అందరినీ ఆపేస్తాడు. "నీకు తర్వాత చెప్తాలే" అని మాత్రం అనడు.

ప్ర: నమస్కారమండీ. నేను ముప్పై ఏళ్ళుగా వీణ పాఠాలు చెబుతున్నాను. హారిస్ గారి స్కేలులో ఎనిమిది స్వరాలు ఉంటాయని మా మేనల్లుడు అన్నాడు. ఏడే కదా ఉండాలి? మన స్వరాల్లో చెప్పగలరా? అది ఏ రాగానికి దగ్గర?
– వీణ టీచరు, రాజమహేంద్రవరం

జ: టీచరు గారూ, మీలాంటి వాళ్ళు అడిగితే నాకు కొంచెం భయం, చాలా సంతోషం.

శంకరాభరణం తీసుకోండి. షడ్జం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం. పాశ్చాత్యులు మేజర్ స్కేల్ అనేది ఇదే. ఇందులో పంచమానికీ చతుశ్రుతి ధైవతానికీ మధ్య శుద్ధ ధైవతాన్ని కూడా ఇరికించండి. రెండు ధైవతాలూ పక్కపక్కనే. ఎనిమిది స్వరాలయ్యాయి. హారిస్ దీన్ని సిక్స్త్ డిమినిష్డ్ స్కేల్ అనేవాడు.

ఇప్పుడు ఒకటి విడిచి ఒకటి ఏరండి. స, గ, ప, చతుశ్రుతి ధ ఒక గుంపు. రి, మ, శుద్ధ ధ, ని ఇంకో గుంపు. మొదటి గుంపు నాలుగూ ఒకేసారి నొక్కితే ఇంట్లో కూర్చున్నట్టుంటుంది. రెండోది నొక్కితే లేచి గుమ్మంలోకి వచ్చినట్టుంటుంది, మళ్ళీ లోపలికి వెళ్ళాలనిపిస్తుంది. స్కేలు ఎక్కుతూ ఒక్కో మెట్టు మీదా కార్డు వేసుకుంటూ పోతే ఇల్లు, గుమ్మం, ఇల్లు, గుమ్మం. ఏడు స్వరాలతో ఇది కుదరదు, బేసి సంఖ్య కాబట్టి పై షడ్జం దగ్గరికి వచ్చేసరికి వరస తప్పుతుంది. ఆ ఎనిమిదో స్వరం వచ్చింది అందుకే.

మామూలు పియానో మాస్టర్లు కార్డుని ఫోటోలాగా నేర్పుతారు. ఇదిగో ఈ కార్డు, ఈ మూడు వేళ్ళు, నొక్కి పట్టుకో. హారిస్‌కి కార్డు అంటే నడక. ఒక్క కార్డు నొక్కి ఊరుకుంటే ఆయన దృష్టిలో అది సంగీతం కాదు. ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి పోతున్నావు అన్నదే లెక్క.

ఇంకొకటి చెబుతాను, ఇది మీకు బాగా నచ్చుతుంది. మనం సరళీ వరసలో ఏడు స్వరాలకి పై షడ్జం కలిపి ఎనిమిది చేసి ఆది తాళంలో కూర్చోబెడతాం కదా. ఈయన అవరోహణలో ఏం చేశాడో చూడండి. స, కాకలి ని, కైశికి ని, ధ, ప, మ, గ, రి. రెండు నిషాదాలూ వాడాడు. మాత్రకి రెండు స్వరాల చొప్పున వేసి చూడండి. దెబ్బ మీద పడేవి స, కైశికి ని, ప, గ. పాశ్చాత్యులు సెవెంత్ కార్డు అనే దాంట్లో ఉండే స్వరాలు సరిగ్గా ఆ నాలుగే! ఇంక ఎంత స్పీడుగా దిగినా పునాది స్వరాలు తాళం మీదే పడతాయి. ఇలాంటి అదనపు స్వరాలు ఎక్కడ ఒకటి వెయ్యాలి, ఎక్కడ రెండు వెయ్యాలి, అసలెక్కడ వెయ్యకూడదు అని ఆయన దగ్గర పెద్ద లెక్కే ఉంది. పార్కర్, పావెల్ చేతుల్లో సహజంగా పడినదాన్ని ఈయన వినీ వినీ సూత్రం చేశాడు. లక్ష్యం ముందు, లక్షణం తర్వాత.

ఏ రాగానికి దగ్గర అంటే, దేనికీ కాదండీ. గమకం లేదు, సంచారం లేదు. మేళకర్తలో రెండు ధైవతాలు ఒకే వరసలో ఉండవని మీకు నేను చెప్పక్కర్లేదు. దీన్ని రాగం అనుకుంటే మీకు చిరాకు వస్తుంది. వీణ మీద కాకుండా, ఇంట్లో హార్మోనియం ఉంటే దాని మీద రెండు గుంపులూ మార్చి మార్చి ఒక పది నిమిషాలు నొక్కి చూడండి.

ఆ గుమ్మం గుంపు ఉంది చూశారూ, రి, మ, శుద్ధ ధ, ని. దాన్ని పాశ్చాత్యులు డిమినిష్డ్ కార్డు అంటారు. ఆ నాలుగింట్లో ఏదో ఒక్క స్వరాన్ని అర మెట్టు కిందికి దించండి. ఏది దించినా ఒక సెవెంత్ కార్డు అవుతుంది. నాలుగు స్వరాలు, నాలుగు కార్డులు. అసలు డిమినిష్డ్ కార్డులు మొత్తం మూడే ఉంటాయి. మూడు నాలుగులు పన్నెండు, పన్నెండు సెవెంత్ కార్డులూ వచ్చేశాయి. హారిస్ దీన్ని సృష్టి కథలాగా చెప్పేవాడు. పన్నెండు స్వరాల వరస దేవుడు, అందులోంచి వచ్చిన రెండు హోల్‌టోన్ స్కేళ్ళు (అర మెట్లు లేకుండా అన్నీ నిండు మెట్లే ఉండేవి) ఆడామగా, మూడు డిమినిష్డ్‌లు వాళ్ళ పిల్లలు. అమ్మ చర్చిలో వాయించినావిడ కదా, ఆ వాసన ఎక్కడికి పోతుంది.

ప్ర: అయ్యా, మా అబ్బాయికి 14. కీబోర్డు గ్రేడ్ పరీక్షలు రాస్తున్నాడు. స్కూల్లో మార్కులు మాత్రం యావరేజ్. సంగీతంలోకి పంపిద్దామా అని మా ఆవిడ అంటోంది. చదువు రానివాడికి సంగీతమైనా వస్తుంది కదా?
– ఒక తండ్రి, గుంటూరు

జ: అయ్యా, ఆ "సంగీతమైనా" అన్న మాట నాకు గుచ్చుకుంది. పరవాలేదు, మా నాన్న కూడా అదే అనేవాడు.

చార్లెస్ మెక్‌ఫర్సన్ అని గొప్ప శాక్సఫోన్ వాద్యకారుడు. చిన్నప్పుడు డెట్రాయిట్‌లో హారిస్ ఇంటి దగ్గర్లోనే ఉండేవాడు. ఆయన తరచూ చెప్పే కథ ఇది. ఒకరోజు స్కూలు నుంచి నేరుగా హారిస్ ఇంటికి వెళ్ళాడు. చేతిలో ప్రోగ్రెస్ కార్డు ఉంది. హారిస్ తీసి చూశాడు. అన్నీ 'సి' గ్రేడులు. నువ్వు బొత్తిగా యావరేజ్ కుర్రాడివన్నమాట అన్నాడట. యావరేజ్‌గా ఉండేవాడికి ఈ సంగీతం రాదు, నువ్వు దేవుడిలా చూసుకునే చార్లీ పార్కర్ యావరేజ్ మనిషి కాదు, అని కూడా చెప్పాడట. ఆ పిల్లాడికి అప్పటిదాకా మార్కులకీ శాక్సఫోన్‌కీ సంబంధం ఉందనే తెలియదు. ఆ రోజు నుంచి చదవడం మొదలుపెట్టాడు, అన్ని రకాల పుస్తకాలూ.

మీవాణ్ణి పంపించండి. అయితే, చదువు తప్పించుకునే దొడ్డిదారిగా మాత్రం పంపకండి. గ్రేడ్ పరీక్ష సర్టిఫికెట్లు గోడకి బాగుంటాయి, కాదనను. వాడు పరీక్షకి ఇచ్చిన మూడు పాటలు కాకుండా నాలుగోది ఏదైనా తనంతట తాను విని వాయిస్తున్నాడా? అది చూడండి. వాయిస్తుంటే నాకు ఇంకో ఉత్తరం రాయండి.

ప్ర: మాస్టారు గారూ, మేము జెర్సీ సిటీలో ఉంటాం. బారీ హారిస్ గారు పక్కనే వీహాకెన్‌లో ఉండేవారని తెలిసి ఆశ్చర్యపోయాం. రోజూ అటు నుంచే వెళ్తాం! ఆ ఇల్లు చూడొచ్చా? మీరు ఎప్పుడైనా ఆయన్ని చూశారా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జ: తల్లీ, అది మ్యూజియం కాదు, బయట నుంచి చూడటమే. నేనూ అలాగే చూశాను. ఆ ఇంటి కథ మాత్రం సినిమా కథే. మొదట హాలీవుడ్ దర్శకుడు జోసెఫ్ వాన్ స్టెర్న్‌బర్గ్‌ది. తర్వాత పనోనికా అనే ఆవిడ కొన్నది. రాత్‌స్‌చైల్డ్ అని యూరప్‌లో కోటీశ్వరుల వంశం, ఆ ఇంటి ఆడపడుచు. జాజ్ మీద ప్రేమతో న్యూయార్క్ వచ్చి వాద్యకారులకి అన్నీ తానే అయింది. చార్లీ పార్కర్ 1955లో కన్నుమూసింది ఆవిడ హోటల్ గదిలోనే. వీహాకెన్ ఇంట్లో లెక్కలేనన్ని పిల్లుల్ని పెంచేది. కిటికీ తెరిస్తే హడ్సన్ నది, అవతల మన్‌హటన్. థెలోనియస్ మంక్ 1970ల్లో వాయించడం మానేసి ఆ ఇంట్లోనే మౌనంగా ఉండి, 1982లో పోయాడు. అదే కప్పు కింద హారిస్ కూడా ఉండేవాడు. ఒకరోజు వాళ్ళిద్దరూ 'మై ఐడియల్' అనే పాత పాటని ఒకరి తర్వాత ఒకరు, వంతులేసుకుని, ఆపకుండా వాయిస్తూనే ఉన్నారని హారిస్ చెప్పుకునేవాడు. నాకు ఒక్క వరం ఇస్తే ఆ రోజు ఆ ఇంట్లో పిల్లిగా పుట్టించమని అడుగుతాను. పనోనికా 1988లో పోయాక కూడా హారిస్ ఆ ఇంట్లోనే ఉన్నాడు, చివరిదాకా.

ఆయన్ని చూశానా అని అడిగావు. చెప్పాలంటే సిగ్గుగా ఉంది. 2018లో మా అమ్మాయి దగ్గరికి వచ్చాను. మంగళవారం రాత్రుళ్ళు మన్‌హటన్‌లో ఆయన క్లాసు. ఎవరైనా వెళ్ళొచ్చు. పియానో వాళ్ళు ముందు, పాడేవాళ్ళు తర్వాత, ఆఖర్న అన్ని వాద్యాలూ కలిసి. మా అల్లుడు దగ్గరుండి సబ్‌వే ఎక్కించాడు. అరవై అయిదో వీధి దాకా వెళ్ళాను. తలుపు కనిపిస్తోంది. పాతికేళ్ళ కుర్రాళ్ళు వీపున బ్యాగులతో లోపలికి పోతున్నారు. నాకు 61. లోపలికి వెళ్ళాక నన్ను కూర్చోబెట్టి వాయించమంటే? తప్పు పోతే అందరి ముందూ ఆపేస్తే? ఆ టెన్షన్‌తో ఎదురుగా ఉన్న షాపులో కాఫీ కొనుక్కుని, అది తాగి, వెనక్కి వచ్చేశాను. క్లాసు బాగా జరిగిందని ఇంట్లో అబద్ధం కూడా చెప్పాను. అరవై ఒకటేళ్ళవాడు ఇంకా పాఠానికి పోవడం ఏమిటని నేను వెనక్కి తిరిగిన ఆ రాత్రి, లోపల పాఠం చెబుతున్నాయనకి 88.

మా అమ్మాయి ఈ పత్రిక చదువుతుంది. ఇప్పుడు తెలిసిపోతుంది.

ప్ర: ముందు ఏం వినాలి? ఒక్కటి చెప్పండి, పది చెప్పకండి.
– బ్యాంకు ఉద్యోగి, ఖమ్మం

జ: లీ మోర్గన్ 'ద సైడ్‌వైండర్'. 1963 డిసెంబర్ 21న రికార్డు చేశారు, పది నిమిషాలు దాటుతుంది. ట్రంపెట్ లీ మోర్గన్, శాక్సఫోన్ జో హెండర్సన్, పియానో బారీ హారిస్. మొదటిసారి మామూలుగా వినండి, కాలు ఆడించకుండా ఉండలేరు. రెండోసారి ట్రంపెట్‌ని వదిలేసి పియానో ఒక్కటే పట్టుకోండి. ఒకే ముక్కని ఇరుసులాగా తిప్పుతూ ఉంటాడు. ముందు నిలబడి వెలిగిపోతున్న ఆ హెండర్సన్ డెట్రాయిట్‌లో ఈయన దగ్గర నేర్చుకున్నవాడే. శిష్యుడు సోలో వాయిస్తుంటే గురువు వెనక కూర్చుని కార్డులు అందిస్తున్నాడు. ఒక్కటే అన్నారు కాబట్టి ఆపుతున్నాను. ఆగలేకపోతే 1960 నాటి 'ఎట్ ద జాజ్ వర్క్‌షాప్' కూడా వినండి, అది పూర్తిగా ఆయనదే.

ప్ర: అన్నా, నేను చర్చిలో కీబోర్డు వాయిస్తాను, పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ కూడా వెళ్తాను. నోట్స్ రావు, అంతా చెవితోనే. ఇద్దరు కుర్రాళ్ళు కార్డులు నేర్పమని వెంట పడుతున్నారు. నేర్పితే రేపు నా బుకింగులు వాళ్ళు ఎగరేసుకుపోతారని మా ఇంట్లోవాళ్ళు అంటున్నారు. నేర్పనా వద్దా? మీరు చెప్పిన హారిస్ గారు ఫ్రీగా నేర్పారా?
– కీబోర్డు ప్లేయర్, చీరాల

జ: తమ్ముడూ, ఉచితంగా కాదు. మనిషికింత అని తీసుకునేవాడు. గది అద్దె ఎవరు కడతారు? నువ్వూ తీసుకో, మొహమాటపడకు.

దాచుకోలేదు, అంతే. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఆయనకంటే ముందే పేరు తెచ్చుకున్నారు. శాక్సఫోన్ వాయించే జాన్ కోల్ట్రేన్ అంతటివాడు డెట్రాయిట్ వచ్చినప్పుడు ఈయన ఏం చెబుతున్నాడో వినడానికి వచ్చేవాడంటారు. ఆయన బుకింగులు ఆయనకి ఉన్నాయి, 90 దాటేదాకా. పైగా నేర్పుతున్నకొద్దీ కొత్తవి దొరికాయి. ఇందాక వీణ టీచరు గారికి చెప్పిన లెక్కలన్నీ ఆయన ఒంటరిగా గదిలో కూర్చుని కనిపెట్టినవి కావు. ఎవరో కుర్రాడు ఏదో అడుగుతాడు, దానికి జవాబు వెతుకుతుంటే ఇంకోటి బయటపడుతుంది.

ఇక నా సంగతి. మదరాసులో నేను చేరిన కొత్తలో ఒక రికార్డింగ్ థియేటర్‌లో ఒక సీనియర్ పక్కన కూర్చునేవాణ్ణి. ఆయన నోట్స్ కాగితం మీద జేబురుమాలు పరిచేవాడు. తనకి కావలసిన లైను వరకు రుమాలు కిందికి జరుపుకుంటూ వాయించేవాడు. నేను ఆయన ఎడమ చేతి వేళ్ళ వంక దొంగచూపులు చూసి నేర్చుకున్నాను. ఇంటికెళ్ళి, లాడ్జి గదిలో, మూత వేసిన పెట్టె మీద ఆ వేళ్ళు ఆడించేవాణ్ణి. ఆయన్ని ఎంత తిట్టుకున్నానో.

పదేళ్ళ తర్వాత నేను సీనియర్‌ని. నెల్లూరు వైపు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, నీలాగే చర్చిలో వాయించి వచ్చినవాడు, చెవి అద్భుతం. ఒక పాటలో పల్లవి చివర జి సెవెన్ నుంచి సి మేజర్‌లోకి రావాలి, అందరూ అలాగే వస్తారు. నేను అక్కడ ఒక వేరే కార్డు వేశాను. డైరెక్టర్ గ్లాసు అవతల నుంచి బొటనవేలు చూపించాడు. టీ బ్రేక్‌లో ఆ కుర్రాడు వచ్చి, "అన్నా, అక్కడ ఏం వేశారు, మళ్ళీ ఒక్కసారి," అన్నాడు. నేను వేశాను. వేస్తూ, కుడి చెయ్యి కనపడకుండా ఎడమ చెయ్యి అడ్డం పెట్టాను. నవ్వుతూనే పెట్టాను. వాడూ నవ్వాడు. ఇంకెప్పుడూ ఏమీ అడగలేదు. కొన్నాళ్ళకి ఊరికి వెళ్ళిపోయాడని విన్నాను.

కాబట్టి శనివారం సాయంత్రం ఆ ఇద్దర్నీ రమ్మను. కీబోర్డుని గోడకి ఆనించి పెట్టకు, మధ్యలో పెట్టు, రెండు వైపులా నిలబడి చూడటానికి వీలుగా. నోట్స్ రాకపోతే పాడి చెప్పు, హారిస్ చేసేదీ అదే.

నెల్లూరు తమ్ముడూ, నీ నంబరు నా దగ్గర లేదు. నువ్వు ఎక్కడైనా ఈ పేజీ చదువుతుంటే, ఆ రోజు నేను వేసింది ఇది. ఎడమ చేత్తో డి ఫ్లాట్. కుడి చేత్తో ఎఫ్, బి, పైన ఇ ఫ్లాట్. అక్కడి నుంచి బి ని అలాగే ఉంచి, మిగతావన్నీ అర మెట్టు దిగి సి లోకి వచ్చెయ్యి. పైన ఉన్న ఇ ఫ్లాట్‌ని మాత్రం కాస్త ఆలస్యంగా దించు.